చుక్క ముట్టని మనిషి

లీలావతికి కోపమెక్కువని అమెరికాలో అరోరా ఊరి గుడికి వచ్చే ఆడవాళ్లందరికీ తెలుసు. ఆ కోపం ఎక్కడిదో మాత్రం తెలియదు. ఆమె భర్త నిండా నలభై రాకుండానే కడుపునొప్పితో మెలికలు తిరిగి పోయాడు. ప్యాంక్రియాస్, అంటే క్లోమగ్రంథి, వాచిందని డాక్టర్ అనగానే, అది తాగుడు వల్లేనని మరిది అంజయ్య తేల్చేశాడు. దినానికి వచ్చి కడుపునిండా తిన్నవాళ్లంతా అదే పాట పాడారు. ఆయన చుక్క ముట్టలేదని ఆమె మొత్తుకుంటే, మొగుణ్ణి వెనకేసుకొస్తోందని నవ్వారు. ఆ మాటలు వింటూ పెరిగిన కొడుకు రఘువీర్ కూడా అదే నమ్మాడు. ఎంత మంటగా ఉంటుంది మరి!

ఇప్పుడు రఘువీర్ కూతురు ఇషాకి తొమ్మిదేళ్లు. కొన్నాళ్లుగా కడుపు పట్టుకుని ముడుచుకుపోతోంది. పిజ్జా ఎక్కువైందన్నారు, స్కూల్ ఎగ్గొట్టడానికి నాటకమన్నారు. చివరికి వాంతులు ఆగకపోతే పక్క ఊరు నేపర్‌విల్‌ హాస్పిటల్‌లో చేర్చారు. ప్యాంక్రియాస్ వాచిందట. ఆ మాట మళ్లీ వినేసరికి లీలావతి మనవరాలి మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా అని డాక్టరమ్మ అడిగింది. మా నాన్నకి వచ్చిందిగానీ, ఆయన ఆల్కహాలిక్ అని రఘువీర్ ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె తలూపి ఇంకో ప్రశ్నకు వెళ్లిపోయింది.

లీలావతికి ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఆ ఒక్క మాట మాత్రం చెంప పగలగొట్టినట్టు తగిలింది.

"నోర్ముయ్‌రా! ఆయన తాగడం నువ్వు చూశావా? మీ బాబాయి కూసిన కూత ఇక్కడ అప్పజెప్తావా? పిల్ల ప్రాణం మీదకొచ్చిందిరా! ముట్టలేదని చెప్పు!"

"అమ్మా, ప్లీజ్. ఇంటికెళ్లాక మాట్లాడదాం."

మంచం మీంచి ఇషా గొంతు వినిపించింది. "నానమ్మ సేస్ తాతయ్య నెవర్ డ్రాంక్."

డాక్టరమ్మ ఆగింది. తాగకుండానే తాతకీ వచ్చిందంటే ఇది వంశంలో ఉండొచ్చని, తండ్రికీ కూతురికీ జీన్ టెస్ట్ రాసింది.

ఇద్దరిలోనూ ఒకటే లోపం బయటపడింది. రఘువీర్‌లాంటి కొందరిలో అది నొప్పి పుట్టించకుండానే ఉండిపోయి పిల్లలకు దిగుతుందట. పూర్తిగా నయమవదు. కానీ కొవ్వు తగ్గించి తినాలని, చెకప్‌లు మానకూడదని, నొప్పి మొదలవగానే హాస్పిటల్‌కి రావాలని ఇప్పుడు తెలిసింది.

"సారీ అమ్మా," అన్నాడు రఘువీర్ కార్‌లో.

"సారీ నాకెందుకు? మీ బాబాయికి ఫోన్ కలుపు. స్పీకర్‌లో పెట్టు."

అంజయ్య ఎత్తాడు. "ఏరా, పాపకెలా ఉంది?"

"మీ అన్నది తాగుడు రోగం కాదు, పుట్టుకతో వచ్చిన జబ్బు. మీ ఇంటి రక్తంలోనే ఉంది. నీ మనవడికి మాటిమాటికీ కడుపునొప్పి వస్తోందన్నావు కదా అంజయ్యా. వాడికి ఆరేళ్లు. వాడూ తాగుతున్నాడా?"