ఒకటికి నాలుగు

తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను రామన్నపేట అవతల ఒక ఊరి బడికి లెక్కల సారుగా వేశారు. నల్గొండ నుంచి రోజూ బస్సులో నిలబడి పోయేవాణ్ణి. బడి చేరేసరికే ఒళ్లంతా చిటపటలాడేది. పిల్లలు నన్ను చూస్తే భయపడేవాళ్లు. నాకది బాగానే ఉండేది.

నిష్పత్తులు బొమ్మలతో చెప్పాలని శిక్షణలో మాకు నూరిపోశారు. సరేనని, ఏడో తరగతి బోర్డు మీద "సిమెంటు, ఇసుక 1:4" అని రాశాను. సగం మంది పిల్లల ఇండ్లలో కూలిపని చేసేవాళ్లే, తొందరగా ఎక్కుతుందనుకున్నాను. పొడవాటి పట్టీ గీసి, నాలుగు గళ్లు చేసి, ఒక గడిని సుద్దతో నింపాను. అది సిమెంటు, మొత్తంలో నాలుగో వంతు అన్నాను. అందరూ పుస్తకాల్లోకి దించుకున్నారు.

రెండో వరుసలో ఒక పిల్ల పెన్సిలు ముట్టలేదు. వాళ్లమ్మ ఇండ్లు కట్టే దగ్గర సిమెంటు, ఇసుక కలిపిన మాలు మోసే కూలి.

"ఎందుకు రాస్తలేవు?"

"తప్పున్నది సార్. ఇసుక మూడు తట్టలే అయితాంది. గట్ల మాలు కలిపితే మేస్త్రి మా అమ్మను తిడ్తడు."

తరగతి గొల్లున నవ్వింది. నన్ను చూసే నవ్వారనిపించింది. "లెక్క నాకు నేర్పుతవా? నోరు మూసుకో" అని అరిచి, సాయంత్రం దాకా గుమ్మం బయట నిలబెట్టాను. తర్వాత పుస్తకాలు దిద్దడానికి కూర్చున్నాను. మూడో పుస్తకం దగ్గరే నా తప్పు నాకు కనబడింది. అయినా అన్నింటికీ రైటు కొడుతూనే పోయాను. ఆ పిల్లకు సున్నా వేశాను.

తెల్లారి వాళ్లమ్మ బడికి వచ్చింది. నమస్తే కూడా పెట్టలేదు. గేటు దగ్గర మట్టిలో కూర్చుని పుల్లతో ఒక గడి గీసింది, దాని పక్కన నాలుగు గీసింది.

"ఒక్కో మాలుకు ఐదు తట్టలు మోస్త నేను. నీ బోర్డు మీద ఐదోది ఏడ పోయింది సారూ?"

"బడిలెక్క వేరమ్మా" అన్నాను. పచ్చి అబద్ధం.

"అయితే నా బిడ్డ రేపటి సంది నాతోని పనికొస్తది. ఆడ తప్పయితే తప్పని ఒప్పుకుంటరు."

నాలుగు రోజులు పిల్ల రాలేదు. మొదట తల్లి మీద మండిపోయాను. ఎంత పొగరు అనుకున్నాను. రెండో వరుసలో ఖాళీ జాగా చూసినప్పుడల్లా ఇంకా మండేది, కానీ ఆ మంట ఎవరి మీదో మెల్లగా తెలిసొచ్చింది. ఐదో రోజు వాళ్లింటికి పోయి, తప్పు నాదేనని చెప్పాను. తల్లి పిల్ల వైపు చూసింది. పిల్ల తలుపు దగ్గర నిలబడి ఉంది. అరచేతుల్లో సిమెంటుకు లేచిన పొక్కులు.

"అందరి పుస్తకాలల్ల కొట్టేస్తరా సార్?" అంది.

కొట్టేశాను. ఒక్కో పుస్తకం తీసి, పిల్లలందరి ముందర, నేను పెట్టిన రైటును నేనే కొట్టేశాను. అంత అవమానం నా ఉద్యోగంలో మళ్లీ పడలేదు.

ఆ మర్నాడు ఆ పిల్ల బడికి వచ్చింది. నేను 3:4 రాసి గళ్లు గీశాను. దించుకోండి అన్నాను. ఒక్కరూ పెన్సిలు కదపలేదు, అందరూ ఆ పిల్ల వైపే చూస్తున్నారు. ఆమె వేలెత్తి, తొందరపడకుండా, ఏడు గళ్లూ లెక్కపెట్టింది. తర్వాత పుస్తకం తెరిచి రాయడం మొదలుపెట్టింది.

అప్పుడు మిగతావాళ్లు తలలు దించారు.