మడపాం వంతెన మీద గంటన్నర

నది నీటిమట్టం గంట గంటకూ రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. డైరీలో టైము వేయడం అప్పటి అలవాటు. మా చెల్లెలు పార్వతి తన భర్త సూరిబాబును నాతో ఇచ్ఛాపురం దాకా సైకిలు యాత్రకు పంపడానికి ఒకే షరతు పెట్టింది. ఏ రోజు పేజీ ఆ రోజు సాయంత్రం ఆరింటికి ఫోనులో చదివి వినిపించాలి. బావకు అరవై ఆరేళ్లు, బీపీ ఉంది. ఒంట్లో బాగాలేకపోతే చెప్పే మనిషి కాదు.

విజయనగరం నుంచి ఉదయం 5.20కి బయలుదేరాం. ఎండ ముదిరాక దారిలో ఆగి, 4.50కి శ్రీకాకుళం చేరి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. ఆ పేజీ విని పార్వతి "సరే, పడుకోండి" అంది.

రెండో రోజు 5.45కి బయలుదేరి, 7.10కి వంశధార మీద మడపాం వంతెన ఎక్కాం. సగం దాటాక బావ సైకిలు దిగి రెయిలింగు పట్టుకున్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఏటైంది బావా?"

"గేసు. రాత్రి తిన్న పరోటా. కాసేపు కూకుంటే పోతాది."

ఆసుపత్రికి వెళదామంటే ఒప్పుకోలేదు. "ఇది మాత్రం రాయకు. మీ సెల్లి వింటే నన్నింక వీధి గుమ్మం దాటనీదు."

సరే అన్నాను. అలా అనకూడదని అప్పుడే తెలుసు. 8.40కి వంతెన దిగి, నరసన్నపేటలో ఇడ్లీ తిని, ఆగి ఆగి తొక్కి 1.30కి శ్రీముఖలింగం చేరాం. సత్రంలో పడుకుని, సాయంత్రం స్వామిని చూశాం. గుడి గోడల మీది చెక్కడాలకు ఏటవాలు ఎండ బాగుంటుంది.

ఆరింటికి పేజీ చదివాను. పార్వతి మధ్యలో ఆపింది.

"అన్నయ్యా, ఏడూ పదికి వంతెన ఎక్కినారు. ఎనిమిదీ నలభైకి దిగినారు. గంటన్నర ఏటి సేసినారక్కడ?"

"నది సూసినాం" అన్నాడు బావ పక్కనుంచి.

"మిమ్మల్ని అడగలేదు. అన్నయ్యా, నువ్వు సెప్పు."

చెప్పాను. "ఇప్పుడే ఆటో కట్టించుకుని డాక్టరు దగ్గరికి ఎల్లండి" అంది.

కోటబొమ్మాళిలో డాక్టరు ఈసీజీ తీసి, గుండెకు రక్తం సరిగా అందడం లేదన్నాడు. నొప్పి మళ్లీ వస్తే అంబులెన్సు పిలవమని, రాకపోతే తెల్లారగానే పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పి మాత్రలిచ్చాడు.

సైకిళ్లు సత్రంలోనే ఉండిపోయాయి. మర్నాడు 7.35కి కోటబొమ్మాళిలో విజయనగరం వెళ్లే పాసింజరు ఎక్కాం. బావ నాకేసి చూడలేదు. ఎదుటి సీటులో జీడిపప్పు మూటతో కూర్చున్న ముసలమ్మ "అన్నదమ్ములేటి?" అని అడిగింది.

"బావా బావమరుదులం" అన్నాను.

"అదీ సంగతి. మూతులెందుకు ముడుసుకున్నారో అనుకున్నాను" అంది.

బావకు నవ్వొచ్చింది. ఆమె దిగాక నా డైరీ వైపు చూశాడు.

"పెన్ను తియ్యి. డాక్టరడుగుతాడు. నొప్పి ఎడం భుజంలోకి దిగింది. మొన్న డాబా మెట్లెక్కినప్పుడూ వచ్చింది. దసరా ముందూ వచ్చింది. ఎవరికీ సెప్పలేదు."

టైము వేసి రాసుకున్నాను. ఇంకేమైనా ఉందా అని అడిగాను.

"ఉన్నాది" అన్నాడు. విజయనగరం వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.