సున్నం కింద అమ్మవారు

మొన్న మా చెల్లెలి మనవరాలు, కరెంటు ఉన్న కాసేపట్లోనే చదువంతా చదివేయాలన్న ఆత్రంతో నా పక్కన చేరి, ఏదో విదేశీ పరీక్షకి యూరప్ చిత్రకళ అనే పాఠం ఉందట, అందులో ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదంటూ ఫోను నా ముందు పెట్టి, "మామ్మా, ఈ బొమ్మలకీ హిస్టరీకీ ఏటి లింకు?" అని అడిగింది. ముందు నవ్వొచ్చింది, తరవాత ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు, పాపం. ఆ ప్రశ్నకి జవాబు చేతుల్లో పెట్టుకు తిరిగిన మనిషి ఒకడు మా ఇంట్లోనే ఉండేవాడు, అతన్ని మా వాళ్ళు ఏం చేశారో గుర్తొచ్చింది. నా ఈడువాళ్ళు ఇక్కడ రంగూన్‌లో ఇంకా కొందరైనా మిగిలి ఉంటారు, వాళ్ళకి ఈ కథ కొంత తెలుసు. తెలిసీ నోరు విప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను.

ఆ మనిషి మా చిన్నాన్న, నాన్నకి తమ్ముడు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో మూటలు మోశాడు, మా నాన్న బోటాటౌంగ్ గోదాముల్లో అవే మూటలు మోశాడు, ఆ మూటల కింద నలగకుండా తప్పించుకున్నది చిన్నాన్న ఒక్కడే. పజుండౌంగ్ కాలవ పక్కన ఒక రేకుల షెడ్డులో నాటకాలకి తెరలూ, సినిమా హాళ్ళ వసారాల్లో పెట్టే బోర్డులూ రాసేవాడు. పొడి రంగులు తెచ్చి, వేడివేడి జిగురులో కలిపి, చల్లారేలోగా గబగబా పూసేయడం ఆయన పద్ధతి. హాల్లో సినిమా మారగానే ఆ బోర్డుని నీళ్ళు పోసి కడిగేస్తే నిన్నటి రాజుగారూ రాణిగారూ మురికి నీళ్ళై కాలవలోకి పోయేవారు, ఆరిన బోర్డు మీద మళ్ళీ కొత్త మొహాలు వచ్చేవి. చిన్నప్పుడు ఆ కడుగుడు చూస్తే నాకు ఏడుపొచ్చేది, ఆయన మాత్రం ఈల వేసుకుంటూ కడిగేవాడు.

నేను మిషన్ బడిలో చదువుకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కల పుణ్యమా అని ఊరి నడిమధ్య ఒక విదేశీ లైబ్రరీలో పుస్తకాలు దులిపి సర్దే ఉద్యోగంలో చేరాను. అక్కడ అడుగున బరువైన బొమ్మల పుస్తకాలుండేవి, ఎవరూ తీసేవారు కాదు. ఆదివారాలకి ఒకటి ఇంటికి తెచ్చుకోవడానికి అక్కడి దొరసాని ఒప్పుకుంది. ఆమె మంచిదే, నా చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో మాత్రం ప్రతిసారీ చూసేది. అలా ఆదివారం మధ్యాహ్నాలు చిన్నాన్న షెడ్డులో రంగు డబ్బాల మధ్య పీట వేసుకుని, ఇంగ్లీషు చదివి మన మాటల్లోకి మార్చి ఆయనకి వినిపించడం నాకు ఉద్యోగం కంటే పెద్ద పనైపోయింది.

ఏం రోజులవి! ఒక కాలంలో ఆ యూరప్‌లో చర్చిదే డబ్బూ అధికారమూ, కాబట్టి బొమ్మలన్నీ బంగారు రేకు మీద దేవుళ్ళే, మనిషన్నవాడు దేవుడి కాళ్ళ దగ్గర పిసరంత ఉండేవాడు. తరవాత మహమ్మారి వచ్చి ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోతే, రాజునీ పాదిరీనీ పసిపిల్లనీ ఒకే వరసలో చేతులు పట్టుకుని అస్థిపంజరాలు ఆడిస్తున్నట్టు గోడల మీద రాసుకున్నారు. అది చదివినప్పుడు చిన్నాన్న కుంచె పక్కన పెట్టేసి, "ఏటే గుంటా, ఇది మన మరిడమ్మే కదే! ఊరికి రోగమొస్తేనే కదా మనకీ అమ్మోరు పుట్టింది!" అన్నాడు. నిజమే మరి, మా అమ్మవారూ అలా పుట్టిందే. ఇంకొంత కాలానికి బొమ్మలు పాపమన్న మతం వచ్చి, చర్చిల్లోని గోడలకి సున్నం కొట్టేస్తే, దేవుళ్ళు గీసే పనిపోయిన చిత్రకారులు ఓడ వ్యాపారుల ఇళ్ళకి రొట్టెలూ చేపలూ పాలు పోసే పనిమనిషినీ గీసి అమ్ముకున్నారు. రాజుల తలలు తెగిన రోజుల్లో బొమ్మల్లోకి వీధి జనం దూసుకొచ్చారు. రైలూ, గొట్టాల్లో నింపిన రంగులూ వచ్చాక ఇంట్లో కూర్చుని గీసేవాళ్ళు పొలాల్లోకి, ఎండలోకి వెళ్ళారు. కెమెరా వచ్చి మొహాలు గీసే పని లాక్కుంటే, కంటికి కనిపించింది కాక మనసుకి తోచింది గీయడం మొదలెట్టారు. పెద్ద యుద్ధాల తరవాత మనిషి బొమ్మే ముక్కలైపోయింది. చిన్నాన్న అన్నీ విని, మన వాళ్ళు మూటలు మోసిన రేవుని ఎవరు గీశారని అడిగేవాడు. ఎవరూ గీయలేదు. ఏ పుస్తకంలోనూ లేదు, ఇక్కడి పుస్తకాల్లోనూ లేదు.

ఆయన్ని అన్నిటికంటే ఎక్కువగా పట్టేసింది ఇటలీలో ఒక చిత్రకారుడి సంగతి. చర్చి బడాయి తగ్గించి దేవుణ్ణి పేదల దగ్గరికి తీసుకురావాలన్న ఆలోచన ఊళ్ళో నడుస్తున్న కాలంలో, అతను మేరీమాత చనిపోయిన దృశ్యాన్ని కాళ్ళు ఉబ్బిన ఒక పేద ఆడమనిషి శవంలా గీశాడట, గీయించుకున్న చర్చివాళ్ళే ఆ బొమ్మ మాకొద్దన్నారట. ఆ పేజీని చిన్నాన్న ఎన్ని ఆదివారాలు తిప్పించాడో.

ఇక్కడ మా కథ కొంచెం చెప్పాలి. నాకు పద్నాలుగో పదిహేనో ఏళ్ళప్పుడు, అరవైల్లో, దుకాణాలన్నీ సర్కారు పరం అయిపోయి, మన వాళ్ళలో చాలామంది, పొమ్మనలేక పొగబెట్టినట్టై, ఓడలెక్కి ఇండియాకి వెళ్ళిపోయారు. బోటాటౌంగ్ రేవులో వరసలు కట్టి నిలబడేవారు. బంగారం దేశం దాటకూడదన్నారు కాబట్టి, వరస చివర బల్ల దగ్గర ఆడవాళ్ళు గాజులూ ముక్కుపుడకలూ తీసి పెట్టేవారు, కొందరి చేత పుస్తెలు కూడా తీయించారు. మా ఎదురింటి మామ్మ పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని ఓడెక్కడం ఈ కళ్ళతో చూశాను. మిగిలిపోయిన మేము ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తేవాళ్ళం కాదు. ఎత్తితే మమ్మల్నీ పంపేస్తారన్న భయం. భయం అలవాటైపోయింది, అలవాటైన భయానికి మా పెద్దలు మర్యాద అని పేరు పెట్టుకున్నారు.

పదేళ్ళు గడిచాక మా కోవెల పెద్దలు, భోజనాల సావిట్లో పెద్ద గోడ బోసిగా ఉంది, అమ్మవారి ఊరేగింపు బొమ్మ ఒకటి వేసిపెట్టమని చిన్నాన్నని అడిగారు. ఘటాలు ఎత్తుకున్న ఆడవాళ్ళూ, పాదాల మీద పసుపునీళ్ళూ, డప్పులూ, అదీ వాళ్ళ మనసులో ఉన్నది. ఆయన గోడకి చీర అడ్డం కట్టుకుని, నన్ను తప్ప ఎవరినీ చూడనివ్వకుండా, పండగ వరకూ రాశాడు. నూనె రంగులు ఆ రోజుల్లో ఎక్కడ దొరికేవి కనక, తన పొడి రంగులతో, తన జిగురుతోనే రాశాడు. నేను పనినుంచి వచ్చి దీపం పట్టుకునేదాన్ని, కాబట్టి నాకు తెలుసు ఏం వస్తోందో. ఆపమనాలనుకుంటూనే దీపం ఇంకాస్త దగ్గరగా పట్టేదాన్ని. అంత అందంగా ఉంది.

పండగ రోజు చీర తీశారు. ఊరేగింపే, కాకపోతే రేవులోకి. వెళ్ళిపోయిన మన వాళ్ళే వరసలో నిలబడి ఉన్నారు, వాళ్ళ మొహాలతో, వాళ్ళ ట్రంకు పెట్టెలతో, చంకలో పిల్లలతో. ఎదురింటి మామ్మ ఉంది. గోదాములో లెక్కలు చూసే పక్కవీధి బాబాయి ఉన్నాడు. అందరి మధ్యా ఘటం నెత్తిన పెట్టుకుని అమ్మవారు ఆ వరసలోనే నిలబడి ఉంది, ముక్కున పుడక లేదు, చెవులకి కమ్మలు లేవు, బోసి మెడలో ఉత్త పసుపుతాడు. పక్కనున్న బల్ల మీద ఆమె నగలు. బల్ల వెనక మనిషిని మాత్రం ఆయన గీయలేదు, రెండు చేతులు గీసి వదిలేశాడు.

ఆ పూట విస్తళ్ళలో అన్నం అలాగే ఉండిపోయింది. ఆడవాళ్ళు గోడ దగ్గరికి వెళ్ళి, ఇదిగో మా అక్క, ఇదిగో మా వదిన అని తడుముతూ ఏడ్చారు, ఇన్నేళ్ళ ఏడుపు ఒక్కసారే ఏడ్చారు. చిన్నాన్న ఒక మూల నిలబడి చూశాడు. ఆయన బతుకులో అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

వారం తిరగకుండానే మాట మారింది. అమ్మవారి మెడ బోసిగా పెడతాడా, ముత్తయిదువ తల్లిని అలా నిలబెడతాడా, ఇది ఊరికి అరిష్టం కాదా అని మొదలైంది. ఆ వేసవిలోనే మా వీధిలో నలుగురైదుగురు పిల్లలకి అమ్మవారు పోసింది. ప్రతి వేసవిలోనూ పోసేదే, వేపాకు పడక మీద పడుకోబెడితే తగ్గిపోయేదే, కాని ఆ ఏడు మాత్రం ఆ పొక్కులన్నీ చిన్నాన్న కుంచె లోంచే వచ్చాయన్నారు. గోడ తడుముతూ ఏడ్చిన ఆడవాళ్ళే ఆ మాట అన్నారు. కోవెల పెద్దలకి కావలసింది కూడా అదే. వాళ్ళ అసలు భయం ఆ రెండు చేతులు ఎవరివని సర్కారు మనుషులెవరైనా వచ్చి అడుగుతారని. అది పైకి చెప్పుకోవడానికి సిగ్గేసి, అమ్మవారి మెడ వెనక దాక్కున్నారు.

పిలిపించి, మర్యాదగానే చెప్పారు. మెడలో నాలుగు హారాలు వేసెయ్యి, రేవు తీసేసి పూలతోట పెట్టు, మనుషులు ఉంటే ఉండనీ, బల్ల వద్దు అన్నారు. చిన్నాన్న తల వంచుకుని విని, "ఆ తల్లి నగలు నేనేటి ఇయ్యగల్ను బాబూ, తీసుకున్నోల్లనే అడగండి" అని వచ్చేశాడు. మర్నాటికి సున్నం నానబెట్టారు. రెండు పూతలు కొట్టించి, చేతులు దులుపుకుని, గోడ ఎంత చల్లగా ఉందో అనుకుంటూ మజ్జిగ తాగారు. అందరి మొహాలూ నాకు గుర్తే. కొందరి దండలేసిన ఫోటోలు ఇప్పుడు ఆ సావిట్లోనే ఉన్నాయి.

ఆ రాత్రికి కాదు, తరవాత ఒక ఆదివారం, చిన్నాన్న షెడ్డులో ఎండిపోయిన కుంచెలు ముందేసుకుని కూర్చుంటే నాకు పుస్తకంలో చదివిందే గుర్తొచ్చి చెప్పాను. సున్నం కొట్టిన చర్చి గోడల్ని వందల ఏళ్ళ తరవాత మెల్లగా గీకితే బొమ్మలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయట చిన్నాన్నా, సున్నమే వాటిని ఎండనుంచీ మనుషులనుంచీ కాపాడిందట, మన అమ్మవారు కూడా లోపల క్షేమంగా ఉంటుంది, కాలం మారినప్పుడు ఎవరో ఒకరు గీకుతారు అన్నాను. ఆయన నా మొహంకేసి చూసి, "అంతే గుంటా, అంతే. ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆ తరవాత ఎప్పుడు దిగులుగా కనిపించినా నేను ఆ కథే చెప్పేదాన్ని, ఆయన ప్రతిసారీ తల ఊపేవాడు. కోవెలకి మళ్ళీ ఒక్క గీత గీయలేదు. అచ్చేసిన ప్లాస్టిక్ బోర్డులు వచ్చి సినిమా పనీ పోయింది. ఆ షెడ్డులోనే, ఎవరూ అడగని తెరలు మడతపెట్టుకుని, పోయాడు.

నేను మాత్రం ఆ గోడని నమ్ముకుని బతికాను. పండగ భోజనానికి ఎప్పుడు వెళ్ళినా దానికి ఎదురుగానే కూర్చునేదాన్ని. కిందటేడు సావిట్లో టైల్సు వేస్తున్నారని తెలిసి, ఇప్పటి అధ్యక్షుడి దగ్గరికి పరిగెత్తాను. అతను ఎదురింటి మామ్మ మనవడే, ఆమె వెళ్ళిపోయినా ఇక్కడే ఉండిపోయిన కొడుకు బిడ్డ. నాయనా, మీ మామ్మ ఉంది ఆ గోడ లోపల, టైల్సు వేసే ముందు ఒక్కసారి గీకించు అన్నాను. అతను ఫోను చూసుకుంటూ, "మామ్మ ఫోటో ఇంట్లో ఉన్నాది కదప్పా" అన్నాడు. ఆఖరికి నా పోరు పడలేక, పక్కనున్న ముసలి మేస్త్రీని నాకు ఒక పూట ఇచ్చాడు.

మేస్త్రీ గంజాం వైపు నుంచి వచ్చినవాళ్ళ పిల్లాడు, పిల్లాడంటే అతనికీ అరవై ఉంటాయి. గోడ తడిపి, తాపీ అంచుతో సున్నం పెచ్చులు మెల్లగా లేపాడు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని గోడకి మొహం ఆనించినంత దగ్గరగా నిలబడ్డాను. పెచ్చు కింద ఇటుక రంగు బురద, ఇంకో పెచ్చు కింద కాస్త పసుపు మరక, అంతే. ఎక్కడ గీకినా అంతే. మొహం లేదు, మెడ లేదు, వరస లేదు. అతను పసుపు మరకని వేలితో రాసి చూసుకుని, "ఇది జిగురు రంగు కదమ్మా. తొలి పూత సున్నం తడికే కరిగిపోయుంటాది. యేసినోడికి తెల్దేటి?" అన్నాడు.

తెలియకేం. వారం వారం అదే రంగుని కాలవ ఒడ్డున నీళ్ళతో కడిగిన మనిషికి తెలియకేం. సున్నం బకెట్టు గోడకి తగిలిన రోజునే ఆయనకి తెలుసు, ఆ యూరప్ గోడలు తడి గచ్చులో రంగు ఇంకించినవనీ, తనది అలాంటిది కాదనీ. ఆ పేజీ కూడా నేనే చదివి వినిపించాను, నాకే తోచలేదు. ఓదారుస్తున్నానని నేననుకున్న అన్ని ఆదివారాలూ ఆయనే నన్ను ఓదార్చాడు. మేస్త్రీ వెళ్ళిపోయాక ఆ సావిట్లో కూర్చుని గట్టిగా ఏడ్చాను, విన్నవాళ్ళు విన్నారు.

ఇప్పుడు కాలం మారిపోయింది. ఆ రోజుల్లో ఒక బొమ్మని చెరపాలంటే పెద్దలంతా కూర్చోవాలి, సున్నం నానాలి, నిచ్చెన తేవాలి, చెరిపినవాడి మొహం ఊరికి తెలిసేది, వాణ్ణి తిట్టుకోవడానికైనా వీలుండేది. ఇప్పుడు మా వీధి పిల్లలు గడప దాటే ముందు, దారిలో సర్కారు సిపాయిలు ఆపి ఫోను చూపించమంటారేమోనని, తాము చూసినవీ తీసినవీ అన్నీ వేలితో తుడిచేసుకుని మరీ చెప్పులు వేసుకుంటున్నారు. ఎవరి గోడకి వాళ్ళే సున్నం. ఏదీ ఎక్కడికీ పోదని వాళ్ళకి చెప్పబోయి, జాగ్రత్తగా వెళ్ళి రమ్మని మాత్రం చెప్పి పంపుతాను. అబద్ధమని తెలిసీ నా కోసం తల ఊపే మనిషి, ఒక్కడే, వెళ్ళిపోయాడు.