మొనారో చలిలో సరోజా ఆంటీ

ఈ ఉదయం సిడ్నీ శివారు ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మా ఇంటి ముందు గడ్డి మీద తెల్లటి మంచు పొర కనిపించింది. కిటికీ దగ్గర టీ వడపోస్తుంటే పక్కింటి వాళ్ళ పాత డీజిల్ వ్యాను గర్రుగర్రుమని ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పారు, మళ్ళీ ఆగింది. చలికి బిగుసుకుపోయిన ఇంజను మూలుగు అది. ఒకసారి విన్నవాళ్ళు మరిచిపోరు. "కాసేపు దాన్ని ఊపిరి పీల్చుకోనివ్వండి" అని నాలో నేనే అనుకున్నాను. ఆ మాట సరోజా ఆంటీది. వడపోసిన టీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడి ఆవిడ గురించి ఆలోచించాను.

నేను నంద్యాలలో పుట్టి పెరిగాను. మా ఊళ్ళో చలి అంటే జనవరిలో నాలుగు రోజులు దుప్పటి కప్పుకోవడమే. నర్సుగా ఆస్ట్రేలియా వచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం కూమాలో. స్నోయీ కొండలకు వెళ్ళే దారిలో ఉన్న చిన్న ఊరది. చుట్టూ మొనారో పీఠభూమి, చెట్టూ చేమా పెద్దగా లేని గాలిమైదానం. ఆ మైదానంలో అక్కడొకటి ఇక్కడొకటిగా గొర్రెల పెంపకం చేసుకునే కుటుంబాలు ఉండేవి. ఆసుపత్రికి రాలేని రోగుల ఇళ్ళకు మేమే కార్లలో వెళ్ళేవాళ్ళం. మా బృందానికి పెద్ద సరోజా ఆంటీ. ఆఫీసులో చిన్నాపెద్దా అందరూ ఆవిడను పేరు పెట్టి పిలిచేవారు. నాకు మాత్రం నోరు రాలేదు, మొదటి రోజే ఆంటీ అన్నాను. ఆవిడ కాసేపు నా వైపు చూసి, "ఆఫీసులో నన్ను అలా పిలిచినోళ్ళు లేరు. బాగుంది, అలాగే పిలు" అంది.

ఆంటీ ఫిజీలో పుట్టింది. వాళ్ళ తాతగారు విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో పనికని ఓడెక్కి వెళ్ళారట. ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టాక, భర్తతో, చంటి కొడుకుతో ఇక్కడికి వచ్చేసింది. ఆవిడ తెలుగు వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది. అందులో సగం హిందీ, సగం ఇంగ్లీషు కలిసి ఉండేవి. అయినా ఆ మాటల మధ్య ఉన్నట్టుండి ఎప్పటిదో ఉత్తరాంధ్ర పల్లె పలికేది.

నాకు ఆవిడ నేర్పిన మొదటి పాఠం నర్సింగుది కాదు, కారుది. నేను చేరింది మే నెలలో, ఇక్కడ చలి మొదలయ్యేది అప్పుడే. ఓ సాయంత్రం ఇంటికి వెళ్ళబోతుంటే పార్కింగులో నన్ను ఆపి, రాత్రిపూట ఇంటి దగ్గర కారు ఎలా ఉంచాలో చూపిస్తానంటూ, దాన్ని వెనక్కి తీసి తూర్పు వైపు ముఖం పెట్టి నిలపమంది. పొద్దున్నే వచ్చే ఎండ ముందు అద్దం మీద పడాలట. తరువాత వైపర్లు పైకి ఎత్తించింది. హ్యాండ్‌బ్రేక్ వెయ్యొద్దని, వేస్తే తడి గడ్డకట్టి పొద్దున వదలదని, గేరులో ఉంచి దిగమని చెప్పింది. అద్దం మీద పాత దుప్పటి పరిచి అంచులు తలుపుల్లో ఇరికించింది. ఇంత హడావిడి దేనికని నేను నవ్వాను. పొద్దున్న స్టార్ట్ చేసేటప్పుడు కదా చూసుకోవాల్సింది అన్నాను.

"పొద్దున్న చూసుకోడానికి ఏటీ ఉండదు బేటీ," అంది ఆంటీ. "కారు సాయంత్రమే స్టార్టవుద్ది. పొద్దున్న నువ్వు కీ తిప్పుతావు, అంతే."

తను నేర్చుకున్న తీరు కూడా దాచుకోకుండా చెప్పేది. మొదటి శీతాకాలంలో అద్దం మీద మంచు కరగాలని కెటిల్‌లో నీళ్ళు మరగబెట్టి పోసిందట. అద్దం ఈ చివరి నుంచి ఆ చివరికి ఫట్‌మని చీలిపోయింది. ఫిజీలో ఐసు అంటే ఫ్రిజ్‌లోనే చూశాను, నాకేం తెలుసు అని పడీపడీ నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ధైర్యం వచ్చేది. తెలియనితనం గురించి సిగ్గుపడనక్కర్లేదని ఆవిడ దగ్గరే మొదట అనిపించింది.

ఓ ఆదివారం భోజనానికి పిలిచింది. పప్పులోకి తాలింపు పెడుతూ, కిటికీ గట్టు మీదున్న కొబ్బరినూనె సీసా తెచ్చివ్వమంది. నూనె తెల్లగా గడ్డకట్టి, సీసా బోర్లించినా చుక్క రాలలేదు. "సిడ్నీలో పోయించిన డీజిల్ ఇక్కడ ఇలాగే అవుద్ది," అంది. కొండ ప్రాంతాల బంకుల్లో చలికి గట్టిపడని డీజిల్ వేరే అమ్ముతారని, సిడ్నీ వెళ్ళొచ్చినప్పుడల్లా సగం ట్యాంకైనా ఇక్కడిది పోయించాలని చెప్పింది. పొద్దున ఇంజను మొండికేస్తే ఏం చెయ్యాలో కూడా ఆ పొయ్యి ముందే చెప్పింది. లైట్లు, హీటరు అన్నీ ఆపెయ్యాలి. క్లచ్ పూర్తిగా తొక్కి పట్టాలి. తాళం సగం తిప్పి, డ్యాష్‌బోర్డు మీద తీగచుట్టలాంటి దీపం ఆరేదాకా, అంటే ఇంజను లోపల కాస్త వేడెక్కేదాకా, ఓపిక పట్టాలి. అప్పటికీ అందుకోకపోతే తాళం పట్టుకుని వేలాడకుండా, బ్యాటరీని కాసేపు ఊపిరి పీల్చుకోనిచ్చి మళ్ళీ ప్రయత్నించాలి.

ఆ జూలైలో మేము కాలిన్, మార్గరెట్ అనే వృద్ధ దంపతుల ఇంటికి రోజూ వెళ్ళేవాళ్ళం. వాళ్ళది కూమాకు గంట ప్రయాణం దూరంలో ఉన్న గొర్రెల ఫారం. మార్గరెట్‌కు క్యాన్సరు. ఆసుపత్రికి వెళ్ళనని, తన గదిలోనే చివరి రోజులు గడుపుతానని తేల్చి చెప్పేసింది. నొప్పి తెలియకుండా ఒంట్లోకి మందు పంపే చిన్న పంపును ప్రతి ఉదయం మార్చాలి. మేము ఆలస్యమైతే ఆవిడకు నరకం.

ఎప్పుడు వెళ్ళినా ఆ వాకిట్లో కాలిన్ పాత ట్రక్కు ఇంజను ఆన్‌లోనే ఉండేది. దానికి వణుకూ చప్పుడూ ఎక్కువ. అది మార్గరెట్ పడుకునే గది కిటికీ కిందే నిలబడి ఉండేది. చాలా రోజులు అది మాకు మామూలు విషయంగానే తోచింది. ఓ ఉదయం నేను పంపు మారుస్తుంటే ఆంటీ మార్గరెట్ చెయ్యి పట్టుకుని కూర్చుని, నిద్ర పడుతోందా అని అడిగింది. మార్గరెట్ కిటికీ వైపు చూసి, తెల్లవారకముందే ఆ చప్పుడుకు మెలకువ వచ్చేస్తుందని, పోనీలే, ఆయన మనసు కోసం ఊరుకుంటున్నానని చెప్పింది. ఆయనతో ఈ మాట అనొద్దని కూడా బతిమాలింది.

ఆంటీ బయటికి వచ్చి కాలిన్ పక్కన నిలబడింది. మార్గరెట్ మాట ఎత్తలేదు. ట్రక్కు ఇంజను ఎందుకు ఆన్‌లో ఉందని మాత్రం అడిగింది. ఆయన చాలాసేపు బూట్లకేసి చూసుకుని, చలికి ఇది ఒక్కోసారి మొండికేస్తుందని, నర్సు రాని రోజున మార్గరెట్‌ను ఆసుపత్రికి తనే తీసుకెళ్ళాల్సి వస్తే అప్పుడిది కదలకపోతే ఎలా అని భయమని చెప్పాడు. అందుకే చీకటితోనే లేచి స్టార్ట్ చేసి పెడుతున్నాడట. నిద్రలేక ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"రేపటి నుంచి దీన్ని ఆపెయ్యి కాలిన్," అంది ఆంటీ ఇంగ్లీషులో. "మేము వస్తాం."

వాతావరణం బాగాలేకపోతే ఎలాగని ఆయన అడిగాడు. వస్తామని ఆవిడ మళ్ళీ అంది. ప్రయత్నిస్తామని గానీ, వీలైతే అని గానీ అనలేదు.

తిరుగు ప్రయాణంలో నాకు కోపం వచ్చింది. అలా ఎలా మాటిస్తారు ఆంటీ, రేపు డ్యూటీ నాది కదా అన్నాను. మర్నాడు ఆవిడ వేరే ఊళ్ళో మీటింగుకు వెళ్ళాలి. "నువ్వు కాబట్టే ఇచ్చాను," అంది. దారిలో బంకు దగ్గర ఆపించి ట్యాంకు నిండా డీజిల్ పోయించింది.

ఆ సాయంత్రం నేను కారు చుట్టూ తిరిగినన్ని సార్లు గుళ్ళో ప్రదక్షిణలు కూడా చేసి ఉండను. తూర్పు ముఖం, వైపర్లు, దుప్పటి, బ్యాటరీ తీగల బిగువు, అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. పొద్దున తలుపు తీస్తే గాలి ముక్కులో గుచ్చుకుంది. వీధిలో కుళాయి గొట్టం పగిలి మంచుకడ్డీలా వేలాడుతోంది. ఎదురింటాయన తన కారు బానెట్ ఎత్తి దిక్కులు చూస్తున్నాడు. నేను దుప్పటి లాగి, లోపల కూర్చుని, అన్నీ ఆపి, దీపం ఆరాక తాళం తిప్పాను. ఇంజను ఒక్కసారి బరువుగా మూలిగి ఆగిపోయింది. వెంటనే మళ్ళీ తిప్పాలని వేళ్ళు తొందరపడ్డాయి. ఆంటీ మాట గుర్తు తెచ్చుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అద్దం మీద నా ఊపిరి గడ్డకట్టడం చూస్తూ మార్గరెట్ గురించే ఆలోచించాను. మళ్ళీ దీపం ఆరింది, మళ్ళీ తిప్పాను. తగ్గుతూ పెరుగుతూ, దగ్గుతూ దగ్గుతూ అందుకుంది.

రోడ్డు మీద నల్లమంచు, కంటికి ఆనని జారుడు పొర. నెమ్మదిగా పోతూ వాళ్ళ గేటు దాటేసరికి వాకిలంతా నిశ్శబ్దం. ట్రక్కు ఆగి ఉంది, దాని మీద తెల్లగా మంచు. ఆ నిశ్శబ్దం చూసి నాకు ముందు చెడే తోచింది. సంచీ తీసుకుని పరుగున వెళ్ళి తలుపు తట్టాను. చాలాసేపటికి కాలిన్ తీశాడు. చెదిరిన జుట్టు, చెంప మీద దిండు ముడతలు. నిద్రపోయానని తప్పు చేసినవాడిలా చెప్పాడు.

గదిలో మార్గరెట్ మేలుకునే ఉంది. నేను పలకరించబోతే వేలు పెదాల మీద పెట్టి కిటికీ చూపించింది. బయట కంచె మీద మాగ్‌పై పిట్టలు పాడుతున్నాయి. చాలా వారాలుగా వినలేదని పెదాలు కదిలించి చెప్పింది. ఆ పాట వింటూనే పంపు మార్చాను. తరువాత మార్గరెట్ ఇంకో పది పన్నెండు రోజులు బతికింది. ఏ రోజూ ఆ ట్రక్కు చప్పుడు మళ్ళీ వినపడలేదు. ఆవిడ పోయిన ఉదయం కాలిన్ మంచం పక్కన కుర్చీలోనే ఉన్నాడు.

ట్రక్కు ఆగిన ఆ మొదటి రోజు సాయంత్రం ఆంటీ ఫోన్ చేసింది. కారు స్టార్టయిందా అని అడుగుతుందనుకున్నాను. "ఆ ఇంట్లో చప్పుడుందా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే ఎల్లి అన్నం తిను" అని పెట్టేసింది.

రిటైరయ్యాక ఆంటీ కొడుకు దగ్గరికి, బ్రిస్బేన్ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌కు వెళ్ళిపోయింది. అక్కడ చెమట పడుతోందని ఫోనులో ఫిర్యాదు చేసేది. ఓ వేసవిలో నిద్రలోనే పోయింది. అంత్యక్రియల్లో ఫిజీ బంధువులు భజనలు పాడుతుంటే వెనక వరసలో కూర్చుని విన్నాను.

ఇప్పుడు నేను సిడ్నీలోనే పారమట్టాలో ఇళ్ళకు వెళ్ళే నర్సులకు పెద్దగా ఉన్నాను. ఇక్కడ ఈ ఉదయం లాంటి మంచు ఎప్పుడో గానీ పడదు, కూమాలోలా ఇంజన్లు గడ్డకట్టవు. అయినా మర్నాడు పొద్దున్నే వస్తానని ఎవరికైనా మాటిస్తే, చీకటి పడకముందు కారు దగ్గరికి వెళ్ళి అన్నీ చూసుకుని వస్తాను. "అమ్మా, ఇట్స్ నాట్ ఈవెన్ కోల్డ్" అంటుంది మా అమ్మాయి. నిజమే. కానీ ఆ వేళకు ఎక్కడో ఒక ఇంట్లో ఒకరు మంచం మీద పడుకుని రేపు నర్సు వస్తుందో రాదో అని లెక్కలు వేసుకుంటూ ఉంటారు. వాళ్ళకు ఆ రాత్రి నిద్ర పట్టాలంటే సాయంత్రం నేను చేయాల్సిన పని కొంత ఉంది.