మా నాయిన దించిన పాదరసం

సిరొంచ కచ్చేరీలో నా ఉద్యోగం ఏమిటో చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. రోజుకు మూడుసార్లు గోడకు వేలాడే గాజు గొట్టం ముందు నిలబడి, అందులో పాదరసం ఎంత ఎత్తున ఉందో రాసుకోవడం. "గందుకు జీతమిస్తరా?" అని ఊరంతా నవ్వేది. నాకు ఒళ్లు మండేది.

కచ్చేరీ నడిపే తెల్లదొర నాకు నేర్పింది ఇది. గాలికీ బరువుంటుంది. ఆ బరువు కింది గిన్నెలోని పాదరసాన్ని నొక్కి గొట్టంలోకి ఎక్కిస్తుంది. సముద్రం మీద పుట్టిన తుఫాను మన దిక్కు వస్తుంటే, దాని నడిమధ్య గాలి బరువు తగ్గి, చుట్టుపక్కల గాలి సుడి తిరుగుతూ అటు ఉరుకుతుంది. పాదరసం బాగా దిగిందంటే ప్రాణహిత ఒడ్డున గడ్డి గుడిసెల్లో ఉండే పడవవాళ్లను మిట్ట మీది రాతి కొట్టంలోకి చేర్చాలి. నడుమ గాలి ఆగినా బయటికి వదలకూడదు. సుడికి రెండో పక్క ఇంకా ఉంటుంది, అది ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. ఇదంతా విని, సగం దొరనైపోయానని అనుకున్నాను.

మా నాయిన వైద్యుడు. "గాలికి బరువుంటే మనం నడుస్తమారా?" అని ఆ చదువును ఒక్క మాటతో కొట్టిపారేశాడు. కానీ పాదరసం మాట వినగానే ఆయన కళ్లు మెరిశాయి. మర్నాటి నుంచి నా సద్ది ఆయనే తేవడం మొదలుపెట్టాడు. గొట్టం కింది గిన్నె మూత విప్పి, ఇదిగో చూడు నాయినా అని చూపించిన మహానుభావుణ్ని నేనే. "నువ్వు అరుగు మీద కూసోని పైలంగ తిను, గది నేను చూస్త" అనేవాడు. ఎంత ప్రేమ అని మురిసిపోయేవాణ్ని.

ఆ రోజుల్లోనే నాకు నీరసమని, నాయిన ఏదో నల్లటి పొడి తేనెలో కలిపి పొద్దుపొద్దున నాకించేవాడు. నీరసం సంగతి ఏమోగాని చిగుళ్లు వాచాయి, నోరంతా పుండ్లు, చొంగ ఆగేది కాదు. అటు గొట్టంలో పాదరసం రోజు రోజుకూ దిగుతోంది. పదిహేను రోజులయ్యేసరికి దొర గీసిన ఎర్ర గీత దాటింది. నేను డప్పు కొట్టించాను. ఒక చేత్తో చొంగ తుడుచుకుంటూ, పెద్ద తుఫాను వస్తోందని ఒడ్డు పొడుగునా అరిచాను. పడవవాళ్లు కుండలు, వలలు, కోళ్లు, ముసలివాళ్లతో సహా రాతి కొట్టంలో కూర్చున్నారు. పగలంతా ఎండ కాసింది. ఒక్క ఆకు కదల్లేదు. కొట్టంలో ఉక్కకు కోళ్లు చచ్చాయి.

పడవవాళ్లలో పెద్దదైన ఒక అవ్వ పోతూ పోతూ, "మున్షీ సాబ్, జర మల్ల పిలిస్తే విసనకర్ర తెచ్చుకుంటం" అంది.

దొర వచ్చి చూశాడు. గిన్నెలో పాదరసం సగమే ఉంది, అందుకే గొట్టంలోనూ దిగింది.  మూత వదులై కారిపోయిందేమోనన్నాను. దొర తన పెట్టెలోని సీసా నుంచి సరిపడా పోసి, మూతకు లక్క ముద్ర వేసి, ఇంకోసారి కారితే ఉద్యోగం కూడా కారిపోతుందన్నాడు.

ఇంటికి ఉరికాను. నాయిన కల్వంలో నల్లటి పొడి నూరుతున్నాడు.

"తీసిన" అన్నాడు, ఏమాత్రం బెరుకు లేకుండా. "గసొంటి పాదరసం నా జన్మల చూడలే బిడ్డా. గంధకం కలిపి నూరిన."

"ఎవరికి పెట్టినవ్?"

"ఇంకెవరికి? నీకే."

అంటే తుఫానును చెంచాడు చెంచాడుగా మింగింది నేనే. కోపంతో అరవబోయాను గానీ నోరు మండి మాట రాలేదు.

వాన కాలం వెళ్లిపోతుండగా ఒకనాటి పొద్దున పాదరసం మళ్లీ దిగింది. లక్క ముద్ర చెక్కు చెదరలేదు. మధ్యాహ్నానికి ఇంకా దిగింది. మళ్లీ ఇంటికే ఉరికాను.

"మళ్ల తీసినవా?"

"లేదు బిడ్డా." నా తల మీద చెయ్యి పెట్టాడు. "నీ తోడు."

నమ్మాను. ఒడ్డుకు పోయి డప్పు కొట్టించాను. ఒక్కరూ లేవలేదు. అవ్వ వల అల్లుతూ, "ఇయ్యాల ఎండ ఎక్కువనా మున్షీ సాబ్?" అంది. తూర్పున మబ్బు కమ్ముకొస్తోంది. వీళ్లు ఈ గుడిసెల్లోనే పోతారని, అది నా మూలంగానే జరుగుతుందని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు వచ్చాడు మా నాయిన. ఊరంతా చెయ్యి చాపి నాడి చూపించుకునే మనిషి, అందరి ముందూ చేతులు జోడించాడు.

"మొన్న దిగింది తుఫానుకు కాదు, నా చేతికి. దొంగతనం జేసిన. నా కొడుకు అబద్ధమాడలే. ఇయ్యాల నేను ముట్టలే, అయినా దిగింది. లేవుండ్రి."

ఎవరూ కదల్లేదు. అవ్వ వల కింద పెట్టింది. "ఆ మందు ఎవలు తిన్నరయ్యా?"

నాయిన నా వైపు చూపించాడు. అందరూ నా వాచిన మూతి చూశారు. ఒడ్డంతా పగలబడి నవ్వింది. నవ్వుతూనే లేచారు, నవ్వుతూనే కుండలెత్తుకున్నారు. నా బతుకులో అంత హాయిగా ఎప్పుడూ అవమానపడలేదు.

పొద్దు వాలకముందే గాలి విరుచుకుపడింది. నడుమ ఉన్నట్టుండి ఆగితే, ఒడ్డున వదిలొచ్చిన కోళ్ల కోసం పోతానని ఒకడు లేచాడు. నాయిన కొట్టం గడపకు అడ్డంగా కాళ్లు చాపి కూర్చున్నాడు. "ఇంకో పక్క ఉన్నది, కూసో" అన్నాడు, ఆ చదువంతా తనే కనిపెట్టినట్టు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి కొట్టింది. తెల్లారి చూస్తే ఒడ్డున గుడిసె అన్నది లేదు. మనుషులు మాత్రం లెక్కకు లెక్క ఉన్నారు.

నాయిన దగ్గరికి నాడి చూపించుకోవడానికి వచ్చేవాళ్లు ఆ తర్వాత సగానికి సగం తగ్గారు. ఆయన ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నేనే రోజూ పొద్దున ఆయన చేతికి నా చెయ్యి ఇచ్చి నాడి చూపించుకునేవాణ్ని. మందు మాత్రం మింగలేదు.

ఆ తర్వాత ఎన్ని ఏళ్లు నేను డప్పు కొట్టించినా, పడవవాళ్లు మూటలు కట్టేముందు అడిగే మాట ఒక్కటే: "మీ నాయిన ఇంట్లనే ఉన్నడా, మున్షీ సాబ్?"