సత్తెక్కకు వంకరగా కనిపించిన గీత

కంట్లో వేసిన చుక్క కాసేపటికి గొంతులోకి దిగి చేదు కొడుతుంది. శుక్లం ఆపరేషన్ అయి పది రోజులైంది, రోజుకు ఆరుసార్లు ఈ చేదు మింగుతున్నాను. మా అమ్మాయి నా శ్రద్ధ చూసి మురిసిపోతోంది. ఇది శ్రద్ధ కాదు, సత్తెక్క మీద ఇన్నేళ్లయినా చల్లారని కోపం. మిర్యాలగూడలో నాకు బట్ట మీద గీత గీయడం నేర్పిన మనిషి ఆమె. తొంభైల మధ్యలో పెళ్లయి కోదాడ నుంచి వచ్చి, వాళ్ల వీధిలోనే కాపురం పెట్టి, ఆమె కుట్టు దుకాణంలో పనికి కుదిరాను.

కుట్టడం ఎవరైనా కుడతారు, కోయడమే అసలు పని అని సత్తెక్క నమ్మకం. అందుకని కత్తెర ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. "గీత నువ్వు గియ్యి, కోసుడు నేను సూసుకుంట" అనేది. నేను సుద్దతో గీసిన గీత నూలుపోగంత పక్కకు పోయినా తుడిపించి మళ్లీ గీయించేది. ఎదురు చెబితే ఆ రోజంతా మాటల్లేవు. అయినా జాకెట్టు భుజం మీద అతికినట్టు కూర్చోవాలంటే ఆమె తర్వాతే ఎవరైనా, ఆ సంగతి కోపంలో కూడా ఒప్పుకుంటాను.

ఆమె కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. సూర్యాపేటలో చేయించుకుని వచ్చింది. పట్టీ విప్పిన మర్నాడే సూదిలో దారం ఎక్కించి వీధంతా చూపించింది. ఇక పథ్యం మొదలైంది. వంకాయ లేదు, గోంగూర లేదు, పప్పు లేదు, తలస్నానం లేదు, చెవుల్లో దూది. ఇవేవీ డాక్టరు చెప్పినవి కావు. ఆయన చెప్పింది ఒక్కటే, ఆరు వారాలు చుక్కలు వేసుకోమని. అవి రెండు వారాలకే ఆగిపోయాయి.

"చుక్కలేవక్కా?" అని అడిగాను.

"కన్ను సాఫ్ కనపడుతుంది, ఇగ చుక్కలెందుకు? పక్కింటి కిష్టయ్యకు కండ్లు ఎర్రగైనయంటే గాయనకిచ్చిన."

ఒకరి మందు ఇంకొకరి కంట్లో ఎలా వేస్తారని మొత్తుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "నలభై దినాలు పప్పు ముట్టకుంట ఉంట, నాకేమైతది?" అని నన్నే గదమాయించింది.

నెలన్నర దాటాక నా గీతలన్నీ వంకర అయిపోయాయి. అంటే ఆమె లెక్కలో. స్కేలు పెట్టి గీసినా, "నడుమల ఉబ్బింది, తుడుపు" అనేది. మళ్లీ గీస్తే మళ్లీ అదే మాట. ఒక్క జాకెట్టు ముక్క మీద నాలుగుసార్లు గీసిన రోజులున్నాయి. తల ప్రాణం తోకకొచ్చింది. అది కంటి జబ్బని నాకు తట్టలేదు, మొండితనం ముదిరిందనుకున్నాను. ఒకరోజు విసుగెత్తి, కావాలనే గీతను మధ్యలో కొంచెం లోపలికి వంచాను. చూసి, "గిప్పుడు సక్కగుంది" అని కోసేసింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత నెల రోజుల పాటు అలాగే వంచి గీశాను. తిట్లు తప్పాయి, సాయంత్రం తొందరగా ఇంటికి పోయాను, అంతే చూసుకున్నాను.

వీధి చివర ఉండే టీచరమ్మ ఒకనాడు జాకెట్టు పట్టుకుని తిరిగొచ్చింది. హుక్కుల పట్టీ దగ్గర ముడతలు. సత్తెక్క కస్సుమని నా మీదికి లేచి, నాకు బుద్ధి చెప్పడానికి స్టీలు స్కేలు తెచ్చి బల్ల మీద పెట్టింది. వంగి చూసింది. "ఈ స్కేలు గూడ వంగింది. ఎవలు తొక్కిండ్రు దీన్ని?"

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం. నా ఓపిక నశించింది. "ఆపరేషన్ కాని కంటితో చూడక్కా!" అని అరిచాను. కుడి కన్ను అరచేత్తో మూసుకుని చూసింది. తర్వాత ఎడమది మూసుకుంది. మళ్లీ మార్చింది. ఆమె ముఖంలో భయం చూడటం నాకదే మొదలు.

"ఎడమ కంటితోని సక్కగనే ఉన్నది. కుడి కంటితోని నడుమ వంకర, మసక" అంది నెమ్మదిగా. అంత భయంలోనూ, అమావాస్య దాటినంక దవాఖానకు పోదాం అంది. చెయ్యి పట్టుకుని బస్సెక్కించాను.

సూర్యాపేట డాక్టరు చాలాసేపు పరీక్ష చేశాడు. "కంటి వెనక తెర మధ్యలో నీరు చేరి వాచింది. ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి ఇట్ల అయితది. చుక్కలు సరిగ్గ వేసుకున్నోళ్లకు గూడ రావొచ్చు. కానీ తేడా కనపడంగనే రావాలె. ఎప్పటి సంది ఉన్నదమ్మా?"

"నాలుగు దినాల సంది" అంది సత్తెక్క.

"నెల దాటింది సార్" అన్నాను నేను.

ఆమె నా వైపు తిరిగి చూసింది. తిరుగు బస్సులో అడిగింది. "నెల సంది నీకెట్ల ఎరుక?"

దాచలేకపోయాను. "నువ్వు తిడతావని గీతలు వంచి గీశానక్కా. నీకు అవే తిన్నగా కనపడ్డాయి."

తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. బస్సు మిర్యాలగూడ చేరింది. దిగేముందు అంది, "గీత గీసుడు నేర్పిన. నాకు ఎదురు సెప్పుడు నేర్పకపోతి."

మూడు నెలలు చుక్కల సీసా నా దగ్గరే పెట్టుకుని నేనే వేశాను. వాపు చాలావరకు తగ్గింది. ఇంకా ముందే వస్తే ఇంకా బాగయ్యేదేమో అన్నాడు డాక్టరు. మధ్యలో ఆ మసక మాత్రం ఉండిపోయింది. ఒకరోజు సత్తెక్క కత్తెర నా ముందుకు జరిపింది. ఎన్నాళ్లుగానో దాని కోసం ఆశపడినదాన్ని, తీసుకుని గీత రెండుసార్లు కొలిచి చూసుకున్నాకే కోశాను.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా దగ్గర అమ్మాయిలు నేర్చుకుంటున్నారు. నా ఆపరేషన్‌కు ముందు ఒకతె, "మేడం, మీరు చెప్పిన కొలత తప్పు" అంది. ఒళ్లు మండిపోయింది. టేపు పెట్టి కొలిస్తే తప్పు నాదే. పదిమందిలో అంత మాట అనడానికి ఆ పిల్లకు ఒక్క క్షణం పట్టింది. నాకు నెల పట్టింది, అది కూడా డాక్టరు అడిగితే. గీత తిన్నగానే ఉందక్కా అన్న మాట మొదటి రోజే నా నోట వచ్చి ఉంటే, సత్తెక్క చివరిదాకా తన కత్తెర తనే పట్టుకునేదేమో.