ఒక కంటి పసుపు

ఆ పిల్ల ఇప్పటికీ నాకు ఎండలో తేలే పసుపు దుమ్ములోనే కనిపిస్తుంది. ఆర్మూరులో నేను పండించిన పసుపు అమ్మే కమీషన్ దుకాణం సేటు బిడ్డ, ఏడేళ్లది. సేటు కొమ్ము విరిచి, ఒక కన్ను మూసి రంగు చూసేవాడు. తనూ అట్లాగే చూసేది.

ఒకనాడు నా కొమ్ము చూసి, "కాకా, నీ పసుపు తెల్లగున్నది" అంది.

నాకు కోపమొచ్చింది. "మంచిగ చూడు, బిడ్డా!"

కన్ను మార్చింది. "గీ కన్నుతోని మంచిగనే ఉంది."

అందరం నవ్వాం.

వారం తిరిగేసరికి, పసుపు తెల్లగా కనిపించిన ఆ మొదటి కంటిచూపు మసకబారింది. రోగాల నుంచి ఒంటిని కాపాడాల్సిన శక్తే కంటినరం మీద పడి వాపు తెచ్చిందన్నారు హైదరాబాదు డాక్టర్లు.

ఇంజెక్షన్లయ్యాక మళ్లీ దుకాణానికి వచ్చింది. నేనే కొమ్ము విరిచి అందించాను. మంచి కన్ను మూసి, చాలాసేపు చూసింది.

"ఇంకా జర తెల్లగనే ఉంది కాకా" అంది. నా ముఖం చూసి, నా చెయ్యి పట్టుకుంది. "ఫికర్ చెయ్యకు. నీ పసుపు మంచిదే."